గాజు మావయ్య పెట్టిన మెయిలు

పగిలిన గాజు గొట్టాలను మంట మీద కరిగించి అతికించే ఆ మనిషిని కాలేజీలో అందరూ గాజు మావయ్య అంటారు. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే గది, అదే బర్నరు. ఫ్లాస్కు పగలగొట్టుకుని ఎవరైనా బిక్కమొహంతో వస్తే ముందు తిట్లు, తర్వాత అతుకు. అలాంటి గదిని నెలాఖరుకల్లా ఖాళీ చేయించి అందులో పాత కుర్చీలు పడేస్తారని ఆఫీసులో మాట పుట్టింది. అది విన్న దగ్గర్నుంచీ మావయ్యకు ముద్ద దిగలేదు.

"ప్రిన్సిపాల్ మేడంకి మెయిల్ పెట్టండి" అంది భార్య.

రెండు రోజులు కూర్చుని మరీ రాశాడు. మేడంగారి ఆరోగ్యం అడిగాడు, పిల్లల చదువులు అడిగాడు, వానల గురించి నాలుగు ముక్కలు రాశాడు, చిట్టచివర గది సంగతి ఎత్తాడు.

భార్య చదివి నెత్తి కొట్టుకుంది. "అడగాల్సింది అట్టడుగున పెట్టారేంటండీ?"

"వెళ్తూనే చెయ్యి చాపితే ఏం బావుంటుంది?"

వారం గడిచినా ఉలుకూ పలుకూ లేదు. ఇంకోసారి రాయమని ఆవిడ పోరు పెట్టింది. మావయ్య ససేమిరా అన్నాడు. పెద్దవాళ్లను ఒక్కసారే అడగాలట, రెండోసారి అడిగితే పీక్కుతిన్నట్టట. వాళ్లు మాట్లాడలేదంటే మొహం మీద కాదనలేక ఊరుకున్నట్టట. ఇంత మర్యాద తెలిసిన మనిషితో కాపురం ఎంత కష్టమో ఆవిడనే అడగాలి.

రెండో వారం గొట్టాలన్నీ దూదిలో చుట్టి పెట్టెలకెత్తాడు. మూడో వారం, సొంతానికి కొనుక్కున్న ఆ బర్నరును పక్క ఊరి కాలేజీకి ఇచ్చేసి వచ్చి, పొద్దుండగానే పడుకున్నాడు.

నెలాఖరున తాళంచెవి పట్టుకుని మేడం దగ్గరికి వెళ్లాడు. ఆవిడ చెవిలో ఫోను, చేతిలో కలం, ముందు కాగితాల గుట్ట.

"ఏంటిది?"

"గది తాళమండీ. ఖాళీ చేసేశాను. బర్నరు కూడా పక్క ఊరి కాలేజీకి ఇచ్చేశాను."

"ఎవరు చెయ్యమన్నారు?"

"మీరు జవాబివ్వలేదు కదండీ."

మేడం ఫోను కింద పెట్టింది. "మీ మెయిల్ చూసిన రోజే ఆ కుర్చీల్ని వేరేచోటికి పంపించేశాను మావయ్యగారూ. పనైపోయాక ఇంక రాయడానికేముంది? నేనేమీ అనలేదంటే సరేనన్నట్టే. ఇక్కడ అందరికీ తెలుసుగా."

అందరికీ తెలుసట. ఉన్నవాళ్లందరికంటే పాతకాపైన మావయ్యకు తప్ప. సంతోషించాలో తిట్టాలో తేలక ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదమ్మా."

ఆవిడకు నిజంగానే సిగ్గేసింది. "రాయాల్సింది. తప్పే. ఉండండి, మీ బర్నరు తిరిగి పంపమని ఆ ప్రిన్సిపాల్‌గారికి ఇప్పుడే మెయిల్ పెడతాను."

మావయ్య అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

"వద్దు తల్లీ. ఆయనా తీరికలేని మనిషే. నేను బస్సెక్కుతాను."