బరాత్ కారుకి టర్బో ఇంజన్

నా ఒంట్లో బ్రేకులు లేవన్న సంగతి మా బడివాళ్లు తొమ్మిదో తరగతిలోనే కనిపెట్టారు. గంట కొట్టకముందే బయటికి ఉరికే అలవాటు ముదిరి, ఒకరోజు ఉరికినవాణ్ని మళ్లీ లోపలికి వెళ్లనే లేదు. ఎవరూ వెతకనూ లేదు. ఆ రోజు హెడ్మాస్టరుగారు మిఠాయిలు పంచారని అంటారు. నేను నమ్మను, ఆయన అంత ఖర్చు పెట్టే మనిషి కాదు.

అలాంటివాడి చేతికి ఒక పాత స్పోర్ట్స్ కారు వచ్చి, దానికి ఇంజన్ ఎంచుకునే అధికారం కూడా వచ్చి, అదే సమయానికి బామ్మర్ది పెళ్లి కుదిరితే ఏమవుతుంది? పెళ్లికొడుకు లేని బరాత్ అవుతుంది. ఖాజాగూడలో దాన్ని కళ్లారా చూసినవాళ్లు ఇప్పటికీ నేను ఎదురైతే నవ్వు కనపడకుండా దగ్గుతారు. మీరు దగ్గనక్కర్లేదు, హాయిగా నవ్వుకోండి.

చందానగర్‌లో నాకు కార్ల సీటు కవర్లు, స్టిక్కర్లు వేసే దుకాణం ఉంది. అక్కడికి ఒక ఆంధ్రా సారు తన ఎర్ర కారును తాడు కట్టి లాక్కొచ్చారు. రెండే తలుపులు, పైకప్పు వెనక్కి మడిచేయొచ్చు. పడుకున్న చిరుతలా ఉంది. ఇంజన్ ఎప్పుడో పట్టేసింది కాబట్టి చచ్చి పడుకున్న చిరుత అనుకోండి.

"తీసేసుకోండి బాబూ. దీన్ని చూసినప్పుడల్లా మా ఆవిడ నన్ను కూడా పాత సామాన్లలో వేసేలా చూస్తోందండి" అన్నారాయన.

తీసేసుకున్నాను. అక్కడితో ఆగితే నేను శ్రీశైలాన్ని ఎందుకవుతాను? నానక్‌రామ్‌గూడలో మా అత్తగారింటికి వెళ్లి, బామ్మర్ది నరేష్ పెళ్లి మాటల మధ్యలో లేచి నిలబడి, "బరాత్ నా స్పోర్ట్స్ కార్లనే! పైకప్పు దీసి, పిల్లగాన్ని రాజు లెక్క తీస్కపోత!" అని ప్రకటించాను. నరేష్ ఓ ఐటీ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరు. రోజూ పెద్ద కార్లకు సెల్యూట్ కొట్టేవాడు, తానే ఒక కార్లో కూర్చుంటాడనేసరికి కళ్లు మెరిశాయి.

నా భార్య స్వరూప నన్ను వంటింట్లోకి లాగింది.

"ఇంజన్ లేని కార్ల ఎట్ల తీస్కపోతవ్? ఎన్కకెళ్లి తోస్తవా?"

"కొత్త ఇంజన్ ఏస్త."

"మా వాళ్లు నిన్ను మాటల మనిషి అంటరు. ప్రతిసారి నేనే సర్దిచెప్తున్న. ఒక్కడే తమ్ముడు. ఈసారి మాట పోయిందా, నేను పుట్టింటి గడప తొక్కలేను, చెప్తున్న."

అంటే పణంగా పెట్టింది నా పరువు కాదు. అది ఎప్పుడో పోయింది. పణంలో ఉన్నది ఆవిడ పరువు.

మర్నాడే రహీం భాయ్ షెడ్డులో వాలిపోయాను. పాత ఇంజన్లు తెచ్చి మార్చడం ఆయన పని. నన్ను కూర్చోమన్నాడు, నేను కూర్చోలేదు. ఆయన రెండు ఇంజన్లు చూపించాడు. ఒకటి ఆ కారుకి పుట్టుకతో ఉన్న రకమే, ఒళ్లు దులిపి బాగుచేసింది. స్టార్ట్ చేస్తే పరీక్ష హాల్లో నడిచే మాస్టారంత నెమ్మదిగా గొణిగింది. రెండోది విదేశంలో ఎవరో గుద్దేసుకున్న రేసు కారులోంచి తీసిన టర్బో. టర్బో అంటే ఇంజన్ లోపలికి అదనంగా గాలి ఊదే చక్రం. బ్యాటరీ తగిలించి ఒక్క తొక్కు తొక్కాడు. షెడ్డు రేకులు వణికాయి, పావురాలు లేచిపోయాయి.

"గిదే కావాలె!"

"జర సోచ్ కర్, శ్రీశైలం భాయ్. గిది గరమ్ మాల్, జల్ది ఏడెక్కుతది. రేడియేటర్ పెద్దది ఎయ్యాలె."

"పెండ్లి నెత్తి మీదికొచ్చింది. ఉన్న రేడియేటరే ఉంచు."

"క్లచ్ గూడ రేసుదే. పడ్తె పడ్తది, ఇడిస్తె ఇడుస్తది. నడిమధ్యల ఏం లేదు."

"నా లెక్కనే ఉన్నది. బిగించెయ్!"

"నీ మర్జీ" అన్నాడు రహీం భాయ్. నిజం చెప్పాలంటే ఆయన కళ్లు కూడా నాకంటే ఎక్కువే వెలుగుతున్నాయి. అంత ఇంజన్ బిగించే అవకాశం ఆయనకు మాత్రం రోజూ వస్తుందా?

ఆ రాత్రి భోజనం దగ్గర ఫోన్లో రికార్డు చేసుకొచ్చిన చప్పుడు స్వరూపకు వినిపించాను. అన్నం కలుపుతూ విని ఒక్కటే ప్రశ్న అడిగింది.

"అది మెల్లగ పోతదా?"

పగలబడి నవ్వాను. "టర్బోని పట్టుకొని మెల్లగ పోతదా అంటవేందే? పులిని పట్టుకొని గడ్డి మేస్తదా అన్నట్టున్నది!"

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నేను ఆగలేదు, మీరైనా ఆగండి. బరాత్ అంటే ఏమిటి? ముందు బ్యాండు, దాని వెనక డాన్సు, డాన్సు వెనక కారు. డాన్సు చేసేవాళ్లు రెండడుగులు ముందుకేస్తే ఒకటి వెనక్కి వేస్తారు. మధ్యలో మేనమామ రోడ్డు మీద పడుకుని నాగిని ఆడతాడు. ఆయన లేచేదాకా కారు కదలకూడదు. అంటే ప్రపంచంలో అన్నిటికంటే మెల్లగా నడపాల్సిన కారు అది. దానికి నేను రేసు ఇంజన్ పెట్టాను.

ఒక ఆదివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద నడిపి చూశాను. అద్దాల బిల్డింగులు గీతల్లా వెనక్కి పోయాయి. మెల్లగా నడిపి చూద్దామన్న ఆలోచన బుర్రలోకి రానేలేదు.

పెళ్లిరోజు సాయంత్రం నానక్‌రామ్‌గూడలో కారు స్టార్ట్ చేస్తే వీధంతా ఈలలే. నా పక్క సీట్లో షేర్వాణీలో నరేష్. బ్యాండు ఖాజాగూడ ఫంక్షన్ హాల్ వైపు కదిలింది. నేను క్లచ్ వదిలాను. కారు కప్పలా గెంతింది. నరేష్ తలపాగా ముక్కు మీదికి దిగింది, ముందు ఆడుతున్న మేనమామ గోడెక్కాడు.

"బావా, జర మెల్లగ!"

"మెల్లగనే రా ఇది!"

నాలుగు గెంతులు వేసేసరికి వేడి చూపించే ముల్లు పైకి లేచింది. గాలి తగలక ఇంజన్ ఉడుకుతోంది.

"గట్టిగ పట్టుకో. ఒక రౌండ్ ఏసొస్తే చల్లబడ్తది" అని పక్క సందులోంచి దూసుకెళ్లి, చుట్టూ తిరిగి బరాత్ వెనక తేలాను. జనం ఇది కూడా ప్రోగ్రామే అనుకుని కేకలు పెట్టారు. నాకు ఉత్సాహం వచ్చింది. ఇంకో రౌండు. మేనమామ మా మీద పూలు చల్లాడు. ఇంకో రౌండుకి జోరులో సందు దాటిపోయి మెయిన్ రోడ్డెక్కాను.

అప్పుడే ఆఫీసులు వదిలారు.

వెనక కార్లు, ముందు కార్లు, మధ్యలో ఎక్కడా తెగని డివైడరు. అవతలి వైపు నుంచి మా బ్యాండు చప్పుడు వినిపిస్తోంది. మేమేమో చీమ వేగంతో దానికి దూరంగా పోతున్నాం. బానెట్ సందుల్లోంచి ఆవిరి మొదలైంది. పక్క కారాయన అద్దం దించాడు.

"కంగ్రాట్స్ బ్రో! బట్, పొగ వస్తోందండి."

ఫోన్ మోగింది. స్వరూప.

"బరాత్ ఫంక్షన్ హాల్ కాడికొచ్చింది. ఆడోళ్లు హారతి పట్టుకొని నిలబడ్డరు. పిల్లగాడేడని అడుగుతున్నరు. ఏం చెప్పాలె?"

"దగ్గర్లనే ఉన్నమని చెప్పు."

"ఎవరికి దగ్గర్ల?"

అంతలో ఇంజన్ ఒక పెద్ద నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. నరేష్ ఏడుపు ముఖం పెట్టాడు. "బావా, నీకు దండం పెడ్త, ముహూర్తం దాటిపోతది!"

డివైడరుకి అవతల షేర్ ఆటో డ్రైవరు అరుస్తున్నాడు: "ఖాజాగూడ, ఖాజాగూడ, ఒక్క సీటే!"

పూలదండతో సహా మా రాజు డివైడరు దూకాడు. డ్రైవరు పక్కన సగం సీటు మీద ఒరిగి, ఒక చేత్తో తలపాగా, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని వెళ్లిపోయాడు. దారిలో ప్యాసింజర్లు దిగినప్పుడల్లా మావాడే చిల్లర అందించాడట. హాల్ ముందు ఆటో ఆగితే బ్యాండు మళ్లీ ఎత్తుకుంది. ఆడవాళ్లు తొందరలో ఆటో డ్రైవరుకి కూడా హారతిచ్చి బొట్టు పెట్టారు.

నేను ఇంజన్ చల్లార్చుకుంటూ, దారంతా ఆగుతూ అక్కడికి చేరేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. మా అత్తగారింటివాళ్లు తిడతారనుకున్నాను. అంతకంటే ఘోరంగా, అన్నం పెట్టారు.

అప్పగింతలప్పుడు పరువు కాస్తయినా దక్కించుకుందామని ముందే కారు స్టార్ట్ చేసి పెట్టి, తలుపు తెరిచి నిలబడ్డాను. "రా చెల్లె, కూసో. ఇంటి కాడ దింపుత."

పొద్దున్నుంచి తల ఎత్తని కొత్త పెళ్లికూతురు అప్పుడు ఎత్తింది. కారును చూసింది, నన్ను చూసింది, మొగుడి వైపు తిరిగింది.

"ఆటో అన్న తిన్నడా?"

తిన్నాడు. ఇద్దరూ ఆటోలోనే వెళ్లారు.

హాల్ ముందు నేను, స్వరూప, కారు మిగిలాం. నాకు జ్ఞానోదయమైంది. అది కూడా నాకు తొందరగానే అవుతుంది. "స్వరూపా, విను! ఈ జన్మల చప్పుడు ఇని ఇంజన్ కొన. నువ్వు అడిగిన ప్రశ్నకు నవ్వ. బరాత్‌కు నడిపితే ఎద్దుబండే నడుపుత. ఈ కారు మీద ఒట్టు!" అని బానెట్ మీద ఫట్టుమని చెయ్యి వేశాను.

అరచెయ్యి చుర్రుమంది. కెవ్వుమని గెంతాను. మా కారు గెంతినట్టే గెంతానట.

స్వరూప చీర కొంగు తడిపి నా చేతికి చుట్టింది. ఆ రోజు మొదటిసారి ఆవిడ పెదవుల మీద నవ్వు కనిపించింది.

"ఒట్టైనా జర మెల్లగ ఏస్కోరాదయ్యా!"