చెయ్యి అందినంత మేర

ఆఫీసులో ఆమెను అందరూ మురికక్క అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆమె కూడా నిక్షేపంగా పలుకుతుంది. కంప్యూటర్‌లో బొమ్మల సినిమాలు తయారుచేసే చోట ఆమె పని అదే మరి. ఒకరు కుర్చీ ఆకారం కడతారు, ఇంకొకరు రంగు వేస్తారు, వేరొకరు వెలుతురు పెడతారు. అందరి పనీ అయ్యాక కూడా ఆ కుర్చీ ఎవరూ ఎన్నడూ కూర్చోనట్టు తళతళలాడుతూ ఉంటుంది. అప్పుడది అక్క దగ్గరికి వస్తుంది. చేతులు ఆనే చోట రంగు అరగదీసి, సందుల్లో దుమ్ము కూరి, మడమ తన్నే చోట నాలుగు గీతలు గీసి, దానిచేత పదేళ్లు సంసారం చేయించి పంపిస్తుంది.

మీట నొక్కితే కంప్యూటరే ఆ పని చేసిపెడుతుంది. మూలలన్నిటికీ దుమ్మూ, అంచులన్నిటికీ అరుగుదలా ఒకే తీరున పులిమేస్తుంది. అక్కకి అది గిట్టదు. "అది మనుషుల్లేని కొంపకి పట్టే మురికి" అంటుంది. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు ఒకటే అడుగుతుంది. "దీన్ని ఎవరు వాడతారు?"

ఈ ఉద్యోగం సంగతి వాళ్లమ్మకి చివరిదాకా మింగుడుపడలేదు. శుభ్రానికి పెట్టింది పేరు ఆవిడ. నడుముకి తడిగుడ్డ దోపుకోకుండా ఆవిడను చూసినవాళ్లు లేరు. "ఇల్లు తుడవమంటే మొహం మాడ్చుకునేదానివి. ఇప్పుడు మురికి పూస్తే నెలనెలా జీతం ఇస్తున్నారా? వాళ్లకేం పోయేకాలం వచ్చిందే?" అనేది. మీ అమ్మాయి ఏం చేస్తుందని బయటివాళ్లు అడిగితే మాత్రం "కంప్యూటర్‌లో రంగులు వేస్తుంది" అని చెప్పి, ఠక్కున మాట మార్చేసేది.

ఆవిడ మనిషి పొట్టి. ఆ మాట చస్తే ఒప్పుకునేది కాదు. పై అరలో డబ్బా అందక, ముక్కాలిపీట కోసం అటూ ఇటూ వెతుక్కుంటూ కూడా, "నేనేం పొట్టి కాదు. ఈ ఇల్లు కట్టినవాడే గోడలు ఎత్తుగా లేపాడు" అని వాదించేది.

అమ్మ పోయి ఏడాది దాటింది. చివరి వరకూ తమ్ముడి కుటుంబంతోనే, అక్కాతమ్ముళ్లు చిన్నప్పట్నుంచీ పెరిగిన పాత అద్దె ఇంట్లోనే ఉండేది. అమ్మ పోయాక అంత ఇల్లు ఎందుకని తమ్ముడు తన పనికి దగ్గరగా చిన్న ఫ్లాట్ చూసుకున్నాడు. ఖాళీ చేసే ముందు అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, రంగులు వేయించి తాళాలు ఇమ్మంటున్నాడు ఇంటాయన. వేయించేయనా?"

అక్క అప్పుడు ఏదో పని హడావిడిలో ఉంది. "వేయించేయ్‌రా. దానికి నన్నడగడం ఎందుకు?" అంది.

తర్వాత ఒకసారి, మిగిలిన సామాను తెచ్చుకుందామని ఆ ఇంటికి వెళ్లి వంటింట్లో అడుగుపెట్టింది. గోడలు, గట్టు కింది అల్మరాలు, సొరుగులు అన్నీ సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా ఉన్నాయి. ఎవరూ ఎన్నడూ వంట చేయని ఇల్లులా ఉంది. తన దగ్గరికి వచ్చే కుర్చీల్లా ఉంది. అప్పుడు తట్టింది ఆమెకు, తను ఏం పోగొట్టుకుందో. ఆ వంటింటి ఫోటో ఒక్కటీ లేదు. అక్కడ ఎవరైనా ఫోన్ పైకెత్తితే చాలు, "ఇక్కడొద్దు, బాగుండదు, ముందుగదిలోకి పదండి" అని అమ్మ తరిమేసేది.

తమ్ముడి మీద కోపం వచ్చింది. ఏమని కోప్పడుతుంది? అడిగే కదా వేయించాడు. అరిచి తేల్చుకోలేని కోపం కాబట్టి అది లోపలే ఉండిపోయింది. రాకపోకలు తగ్గాయి. ఫోన్లు పొడిపొడి అయ్యాయి.

అలాంటి రోజుల్లో ఆఫీసులో కొత్త సినిమా మొదలైంది. అందులో ఒక ముసలావిడ వంటిల్లు ఉంది. అది అక్క బల్ల మీదికి వచ్చింది. అమ్మ వంటిల్లు ఇక్కడ నిలబెట్టేస్తాను, ఇక ఎవరూ దీనికి రంగు వేయలేరు అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. తనకు తెలిసిన విద్యంతా ఒలకబోసింది. సొరుగు పిడుల చుట్టూ వేళ్ల జిడ్డు, స్టవ్ వెనక గోడ మీద పొగ, గట్టు మూలల్లో పేరుకున్న నల్లటి మడ్డి, స్విచ్చుల చుట్టూ మాసిన వలయం పెట్టింది.

సూపర్‌వైజర్ చూసి తల ఆడించాడు. ఆయన మాటలు తక్కువ మనిషి.

"పని బాగుందమ్మా. కానీ ఇది ఎవరి వంటిల్లో తెలియట్లేదు."

మళ్లీ చేసింది. జిడ్డు పెంచింది, ఇంకో పొర వేసింది. మళ్లీ అదే మాట. మూడోసారి ఆయన కాస్త మెత్తగానే, "సోమవారం ఇంకొక్కసారి చూద్దాం. కుదరకపోతే కంప్యూటర్ పెట్టే మురికే పెట్టేసి పంపించేద్దాం" అన్నాడు.

ఆయన మీద అక్కకి కోపం రాలేదు, భయం వేసింది. ఆయన అన్నది నిజమే మరి. తెర మీద ఉన్నది ఎవరిదో వంటిల్లు, అమ్మది కాదు. ఎక్కడ తప్పిందో తనకూ తెలియడం లేదు. అంటే పెయింట్ గోడల మీద మాత్రమే పడలేదు, తన జ్ఞాపకం మీద కూడా పడిందన్నమాట. ఏడాదికే అమ్మ వంటిల్లు మరిచిపోయిన కూతురు, పదేళ్లకి ఇంకేం గుర్తుపెట్టుకుంటుంది?

ఆదివారం పొద్దున్న, అభిమానం పక్కనపెట్టి తమ్ముడి ఫ్లాట్‌కి వెళ్లింది. మరదలు తలుపు తీసింది.

"రండి వదినా! ఇన్నాళ్లకి దారి తెలిసిందా?"

"దారి తెలిసిందే అమ్మాయ్, లిఫ్టే తెలియలేదు." అక్క గుమ్మం పట్టుకుని ఆయాసపడింది. "నాలుగంతస్తులు ఎక్కొచ్చాను. ఏరా, లిఫ్టు మెకానిక్ ఉండే బిల్డింగులో లిఫ్టు పనిచేయదా?"

లోపల్నుంచి తమ్ముడు నవ్వుతూ వచ్చాడు. "మురికి పని చేసేదాని ఇల్లు అద్దంలా ఉండట్లేదా? ఇదీ అంతే. కూర్చో, టీ పెడతాను."

అక్క కూర్చోలేదు. వాడి వెనకే వంటింటి గుమ్మం దాకా వెళ్లింది.

"ఒరేయ్, అమ్మ వంటింట్లో స్టవ్ పక్కన సొరుగు గుర్తుందా?"

"చెంచాలది. గుర్తులేకేం?"

"అది ఎక్కడెక్కడ మాసి ఉండేదో చెప్పు."

"మాసి ఉండటమా? అమ్మ వంటింట్లోనా?" వాడు గిన్నె చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయాడు. "ఈ మాట అమ్మ వినుంటే నీ వీపు విమానం మోత మోగేది."

అక్క నవ్వబోయింది, నవ్వు రాలేదు. వాడు అది చూసి స్టవ్ వైపు తిరిగాడు. వెనక్కి చూడకుండానే, "రంగుల గురించి నీకింకా కోపంగానే ఉంది కదూ?" అన్నాడు.

"నువ్వు అడిగావు, నేను వేయించమన్నాను. కోపం ఎవరి మీద పెట్టుకోనురా?"

"నాకూ చేతులాడలేదక్కా. పెయింటర్ ఆ గోడకి మొదటి పూత కొడుతుంటే చూడలేక కిందకెళ్లి నిలబడ్డాను. నీకు చెబుదామంటే, నువ్వే వేయించేయ్ అన్నావాయె. నీకేం పట్టలేదేమో అనుకున్నాను."

"నీకేం పట్టలేదేమో అని నేను అనుకున్నాను."

"బాగుంది. ఏడాదంతా ఇద్దరూ మూతులు ముడుచుకుని కూర్చున్నారు, మధ్యలో నేను బలి" అంది మరదలు, కప్పులు అందిస్తూ.

తమ్ముడు సొరుగు తెరిచి చెంచా తీశాడు. ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో చెంచా. సొరుగుని తుంటితో ఒక్క తోపు తోశాడు. ధబ్ మని మూసుకుంది. లోపల చెంచాలన్నీ ఒక్కసారి గల్లుమన్నాయి.

ఆ చప్పుడు అక్కకి తెలుసు. చిన్నప్పుడు పొద్దున్నే మెలకువ వచ్చేది ఆ చప్పుడుకే.

"మళ్లీ మూయి."

"ఏంటి?"

"ఆ సొరుగు. తెరిచి మళ్లీ మూయి."

వాడు భార్య వైపు చూశాడు. తెరిచాడు. చేత్తో మూయబోయాడు.

"చేత్తో కాదు, ఇందాకటిలా!"

ధబ్. గల్లు.

"చెప్పండి వదినా, మీరైనా చెప్పండి" అంది మరదలు. "చేతులున్నది ఎందుకట? ఆ అంచు చూడండి ఎలా తయారుచేశారో. కొత్త ఫ్లాట్ అని కూడా లేదు."

అక్క సొరుగు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పిడి మీద కొన్నప్పటి ప్లాస్టిక్ పొర ఇంకా ఊడనేలేదు. అరుగుదలంతా పై అంచున, కుడి చివర ఉంది. అక్కడ మెరుపు చచ్చిపోయింది, సన్నటి గీతలు పడ్డాయి. తమ్ముడి నడుముకి వేలాడే తాళాల గుత్తి చేసిన పని అది.

అమ్మ కూడా ఇంతే. వంట చేస్తున్నంతసేపూ పిడి ముట్టుకునేది కాదు. "జిడ్డు చేత్తో పిడి పట్టుకుంటే పిడి మాస్తుంది. ఆ పిడి మళ్లీ చేతికి అంటుతుంది. ఎందుకొచ్చిన తద్దినం?" అనేది. తుంటితోనే మూసేది. ఆ తుంటి దగ్గరే తడిగుడ్డ దోపి ఉండేది. ఏళ్ల తరబడి ఆ తడిగుడ్డ రాసుకుని రాసుకుని, అంచున రంగు పోయి, చెక్క బయటపడి, గులకరాయిలా నున్నగా అయింది. చిన్నప్పుడు తను దాని మీద బుగ్గ ఆనించేది. చల్లగా ఉండేది.

"నీవి గీతలురా. అమ్మది నునుపు" అంది అక్క. అంటుండగానే కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి, పెదాల మీద నవ్వూ వచ్చేసింది. రెండింట్లో ఏది ఆపాలో తెలియక రెండూ ఆపలేదు.

"ఆ అంచుకి ఏదైనా స్టిక్కర్ అంటిద్దామనుకుంటున్నా వదినా."

"అంటించావంటే ఈ గుమ్మం తొక్కను. నీకు పుణ్యముంటుంది, అలా వదిలెయ్ తల్లీ."

టీ చల్లారిపోయింది. మళ్లీ పెట్టుకుని తాగారు. తాగుతూ తాగుతూ, తమ్ముడు గోడ సంగతి ఎత్తాడు. స్టవ్ వెనక గోడని అమ్మ వంట కాగానే తుడిచేది, వేడి చల్లారకముందే. చెయ్యి అందినంత మేర తెల్లగా ఉండేది. అందని చోటు నుంచి పైకప్పు దాకా గోధుమ రంగు పొగ. రెంటి మధ్యా ఇంద్రధనుస్సులా వంపు తిరిగిన గీత.

"ఆ గీత ఎక్కడుండేదిరా?"

"నా భుజం దగ్గర" అన్నాడు తమ్ముడు, లేచి గోడ పక్కన నిలబడి చూపిస్తూ. "కాదు, ఇంకొంచెం పైన. అమ్మ మునివేళ్ల మీద లేచేది కదా."

సోమవారం పొద్దున్న అక్క కంప్యూటర్ ముందు కూర్చుని, తను పెట్టిన మురికంతా కడగడం మొదలుపెట్టింది. తెలిసిపోయింది, తప్పంతా అక్కడే ఉంది. అమ్మది మాసిన వంటిల్లు కాదు, కడిగి కడిగి అరిగిన వంటిల్లు. పిడుల చుట్టూ జిడ్డు తీసేసింది. మూలల్లో మడ్డి తీసేసింది. సొరుగు అంచు అరగదీసి, తడికి చెక్క నల్లబడి నున్నబడినట్టు చేసింది. గోడని ఒక కుడిచెయ్యి తుడిచినట్టు, వంపుగా, పైకి పోయేకొద్దీ బలం తగ్గుతున్నట్టు తుడిచింది. పైన పొగ అలాగే ఉంచింది.

వెలుతురు పెట్టే అతను వెనకనుంచి పోతూ ఆగాడు. "మురికక్కా, ఏంటి కడిగేస్తున్నావ్? ఒంట్లో బాగానే ఉందా?"

"మా అమ్మ తిట్టింది. అందుకే కడుగుతున్నా."

మధ్యాహ్నం సూపర్‌వైజర్ వచ్చాడు. నిలబడే చూడబోయినవాడు కుర్చీ లాక్కున్నాడు. తెర మీద వంటింట్లో మనిషెవరూ లేరు. ఆయన మాత్రం, అప్పుడే ఎవరో పక్కగదిలోకి వెళ్లినట్టు, తిరిగొచ్చే దాకా ఆగుదామన్నట్టు కూర్చున్నాడు. సొరుగు చూశాడు. గోడ చూశాడు. గోడ మీది వంపు దగ్గర వేలు పెట్టాడు.

"ఈ ముసలావిడ పొట్టిదా?"

ఆయన అమ్మను ఎన్నడూ చూడలేదు. ఫోటో కూడా చూడలేదు. అక్క గట్టిగా నవ్వింది.

"పొట్టి కాదండీ" అంది. "గోడలే ఎత్తుగా కట్టారు."