ఎర్రచుక్కల గది చేతులు మారిన కథ

పనిచేసే చోట అందరూ ఆమెను డేగ అనేవారు. గోడంత తెర మీద ఆకుపచ్చ చుక్కలు పరుచుకుని ఉంటే, ఏ మూల ఒక చుక్క ఎర్రబడినా అందరికంటే ముందు ఆమె కన్నే దాని మీద వాలేది. ఒక్కో చుక్క ఒక్కో ఫోన్ టవరు. చుక్క ఎర్రబడిందంటే ఆ టవరు మూగబోయిందన్నమాట. కరెంటు పోయిందా, బ్యాటరీలు దిగిపోయాయా, రోడ్డు తవ్వుతూ ఎవరైనా కేబులు తెంపారా అన్నది తేల్చి, దగ్గర్లో ఉన్న మరమ్మతువాళ్లను పరుగెత్తించాలి. ఫోన్ కంపెనీ ఈ కాపలా పనిని బయటివాళ్లకు కాంట్రాక్టుకిచ్చింది. ఆ కాంట్రాక్టరు డేగకు పరాయివాడు కాదు, సొంత అక్క మొగుడు.

బావ మాటకారి. నవ్వుతూనే గొంతు కోయగలడు. "మా మరదలు ఉండగా నా నిద్రకేం కొదవ" అని వచ్చిన ప్రతివాళ్లతోనూ అనేవాడు. ఆ మాటకు డేగకు ఏనుగెక్కినంత సంబరం. అమ్మానాన్నలు పోయాక ఆమెను పెంచి చదివించింది అక్కే. ఆ ఇంటి తిండి తిన్న పిల్లకు ఆ ఇంటి మెచ్చుకోలు కన్నా కావలసిందేముంటుంది?

బావ మిగులు కోసం ఆ గదిలో మనుషుల్ని తగ్గించుకుంటూ వచ్చాడు. చివరికి కొన్ని పూటలు డేగ ఒక్కతే తెర ముందు కూర్చునేది. అలాంటి ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద ఎక్స్చేంజిలో ఏసీలు ఆగిపోయి గది వేడెక్కుతోందని అలారం మోగింది. ఆమె వెంటనే బావకు ఫోన్ చేసింది.

"అది రోజూ మొరిగే కుక్కే, వదిలెయ్. మనుషుల్ని పంపితే ఆ కూలి మన నెత్తినే పడుతుంది" అన్నాడు.

"ఈసారి వేడి ఆగట్లేదు బావా."

"చెప్పింది చెయ్యి."

ఆమె చెప్పింది చేసింది. సాయంత్రం కాకముందే యంత్రాలు వేడికి ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయి, ఊరు సగం మూగబోయింది. ఆస్పత్రులకు కూడా ఫోన్లు కలవలేదు.

మర్నాడు కంపెనీ అధికారుల ముందు బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పు మాదే సార్. మా మరదలు ఫోన్లో కబుర్లలో పడి అలారం చూసుకోలేదు. సొంత మనిషని కడుపులో పెట్టుకునేవాణ్ణి కాను. ఈ రోజుతోనే తీసేస్తున్నాను."

పక్కనే నిలబడ్డ డేగ బావ ముఖం వైపు చూసింది. ఇంటికెళ్లాక సర్దిచెబుతాడులే అనుకుంది. ఇంట్లో అక్క వంటింటి గుమ్మంలోనే ఎదురైంది.

"ఆయన కాంట్రాక్టు పోతే మేమంతా ఏమైపోవాలి? ఒక్క మాట పడితే నీ సొమ్మేం పోయిందే?"

"నా పేరు పోయిందక్కా."

అక్క పొయ్యి వైపు తిరిగిపోయింది. ఆ వారంలోనే డేగ బట్టలు సర్దుకుని ఆడపిల్లల హాస్టల్లో చేరింది.

ఆ పనివాళ్ల లోకం చిన్నది. ఎక్కడికి వెళ్లినా "ఆ అలారం అమ్మాయివి నువ్వేనా?" అన్నారు. కొన్నాళ్లు ఫోన్ల కవర్లు అమ్మే దుకాణంలో నిలబడింది. తర్వాత అదే ఫోన్ కంపెనీలో ఫిర్యాదులు వినే కుర్చీ దొరికింది. అక్కడ పొద్దస్తమానం తిట్లు తిన్నది. తిట్లు తింటూనే పరీక్షలు రాసి, మెట్టు మెట్టూ ఎక్కి, ఏళ్లు గడిచేసరికి నెట్‌వర్క్ విభాగంలో ఒక జట్టుకు పెద్దయింది. కాంట్రాక్టు పని మీద వచ్చే బావ అప్పుడప్పుడు లిఫ్టులో ఎదురయ్యేవాడు. "ఏమ్మా, బాగున్నావా?" అని పలకరించేవాడు, ఏమీ జరగనట్టే. వేసిన నింద కన్నా ఆ "బాగున్నావా" ఆమెను ఎక్కువ కాల్చేది.

కంపెనీ ఆదాయం తగ్గిన ఏడు, ఖర్చులు చూడటానికి కొత్త అధికారిణి వచ్చింది. కాగితం బొత్తి కనిపించినా దీనికెంతయింది అని అడుగుతుందని అందరూ ఆమెకు ఖర్చులమ్మ అని పేరు పెట్టారు. మొదటి సమావేశంలోనే టవర్ల కాపలా బిల్లు చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇంత ఎందుకిస్తున్నాం?"

కాంట్రాక్టు ప్రకారం, టవరు చెడిందని రాసిన ఒక్కో ఫిర్యాదుకు బావకు ఇంతని ఇవ్వాలి. ఎక్కడో ఒక్క కేబులు తెగితే దాని మీద బతికే టవర్లన్నీ ఎర్రబడతాయి. ఒకటి రాయాల్సిన చోట బావ టవరుకొక ఫిర్యాదు రాసేవాడు. ఇది అక్కడున్న అందరికీ తెలిసిన బాగోతమే, ఎవరికీ పట్టలేదు.

డేగ గొంతు సవరించుకుంది. "ఆ గదిని మనమే పెట్టుకుందాం మేడమ్. మన మనుషులు, మన తెర."

సాంకేతిక విభాగం పెద్దాయన నిదానస్థుడు. "మంచి మాటే. కానీ చెయ్యి తిరిగేదాకా కొన్ని నెలలు వాళ్లనూ పక్కనే ఉంచుకుందాం" అన్నాడు. అది సరైన మాటని డేగకు తెలుసు. తన స్థానంలో ఇంకొకరుంటే తానూ అదే చెప్పేది.

"రెండు చోట్లా ఖర్చు దండగ సార్. నేను నిలబెడతాను" అంది.

ఆ మాటలో లెక్క తక్కువ, పగ ఎక్కువ. ఖర్చులమ్మకు లెక్కే వినపడింది. సరేనంది.

ఆ తర్వాత డేగ తీరిగ్గా అల్లింది. బావ దగ్గర పనిచేసేవాళ్లను ఒక్కొక్కరినే టీకి పిలిచి, ఇంతకన్నా మంచి జీతానికి రమ్మంది. గడువు ముగియకముందే అతని గదిలో కుర్చీలు ఖాళీ అయ్యాయి. చివరి రోజుల్లో బావ తానే తెర ముందు కూర్చుని, ఏ చుక్క ఎందుకు ఎర్రబడిందో తెలియక తలపట్టుకున్నాడని విని, ఆమె ఆ సంగతి రెండుసార్లు చెప్పించుకుంది.

అప్పగింతల రోజు వచ్చింది. కొత్త గదిలో ఇంకా జిగురు వాసన, తెరల మీద ఒలవని ప్లాస్టిక్ పొర. బావను మంచినీళ్ల మిషను పక్కన చాలాసేపు నిలబెట్టి, అప్పుడు బయటికి వచ్చింది.

"మీ అక్క ముఖం చూసైనా..." అన్నాడు.

"అక్క ముఖం చూసే ఇన్నేళ్లు నోరు మూసుకున్నాను బావగారూ."

"ఇంకేం కావాలి నీకు?"

"పని సరిగ్గా చేశారని కాగితం కావాలి కదా మీకు, అది లేకపోతే ఇంకో చోట కాంట్రాక్టు రాదు. రాసిస్తాను. ఆ రోజు అలారం చూసింది నేను, వదిలెయ్యమన్నది మీరు. ముందు ఆ మాట లోపల అందరి ముందూ చెప్పండి."

బావ ముఖం తేలు కుట్టిన దొంగ ముఖమైంది. లోపలికెళ్లి, అధికారుల ముందు నేల చూపులు చూస్తూ, తడబడకుండా మొత్తం చెప్పాడు.

డేగ ఈ క్షణాన్ని ఎన్నిసార్లు ఊహించుకుందో. అందరూ తన వైపు తిరుగుతారనీ, ఎవరో ఒకరు అయ్యో అంటారనీ. కానీ ఆనాటి అధికారుల్లో కొందరు రిటైరయ్యారు, కొందరు బదిలీ అయ్యారు. కొత్తవాళ్లలో ఒకాయన ఫోన్ లోంచి తలెత్తి "ఏ అలారం?" అన్నాడు. ఖర్చులమ్మ "పాత సంగతులెందుకండీ, పాస్‌వర్డులన్నీ ఇచ్చేశారా?" అని అడిగింది. ఎవరికీ పట్టని నిజమైనా, బావ నోటితో విన్నందుకు డేగ కడుపు చల్లబడింది. కాగితం మీద "పని తృప్తికరం" అని రాసింది. అలాంటి కాగితాల్లో మామూలుగా రాసే "చాలా" అన్న మాట రాయలేదు.

ఆమె తొందరకు మొదటి నెలే దెబ్బ తగిలింది. గాలివానకు తెరంతా ఎర్రబడింది. ఏది ముందు చూడాలో కొత్తవాళ్లకు పాలుపోలేదు. ఊళ్లకు ఊళ్లే మూగబోయాయి. పెద్దాయన "నేను ముందే చెప్పాను కదా" అనలేదు. తన మనుషుల్ని పంపాడు. అనకపోవడమే డేగకు తల కొట్టేసినట్టయింది. మెల్లగా గది కుదురుకుంది, ఖర్చు దిగింది. బావ కంపెనీ మూతపడింది.

ఒకరోజు అక్క ఆఫీసుకొచ్చింది. కింద రిసెప్షన్ సోఫాలో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జుట్టు బాగా నెరిసింది.

"ఆయన చేసింది తప్పే. ఇంట్లో నా దగ్గర ఒప్పుకున్నాడు. కానీ మనిషిని నీళ్ల మిషను దగ్గర నిలబెట్టావటే. పిల్లలడిగితే ఏం చెప్పను?"

"నన్ను వెళ్లగొట్టినప్పుడు పిల్లలకేం చెప్పావు?"

"పిన్ని ఊరెళ్లిందని చెప్పాను."

"ఇన్నేళ్లూ?"

"ఇన్నేళ్లూ."

డేగ టీ తెప్పించింది. అక్క తాగలేదు. వెళ్తూ వెళ్తూ చెల్లెలి భుజం మీద చెయ్యి వేయబోయి, సంచి సర్దుకుని వెళ్లిపోయింది. ఆ రోజు మాత్రం డేగ పైకి వెళ్లకుండా మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

అది అక్క కోసం. బావ సంగతి వేరు. కొన్నాళ్లకు బజారులో, బ్యాటరీలమ్మే దుకాణం ముందు, ఎవరో కుర్రయజమాని అరుస్తుంటే చేతులు కట్టుకుని వింటున్న బావ కనిపించాడు. డేగ బండి ఆపి, అవతలి వైపు నుంచి ఆ తిట్లన్నీ అయ్యేదాకా విన్నది. పలకరించలేదు. ఆ పూట ఇంటికెళ్లి కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయింది.