మక్క చేలలో కరెంటు తీగలు

2023 వానాకాలం. ఏటూరునాగారం వైపు అడవి అంచు ఊళ్లకు నేను ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసర్‌ని. మక్క (మొక్కజొన్న) కంకి పాలు పట్టగానే అడవి పందులు చేల మీద పడ్డాయి. తెల్లారితే చాలు, ఫోన్లు. ఏం చేస్తున్నారని పై ఆఫీసు నుంచి కూడా.

పందులను కాల్చడానికి షూటర్‌ను, అంటే అనుమతి ఉన్న వేటగాణ్ని, పిలిపించాలంటే గ్రామసభ తీర్మానం కావాలి. నేను తీర్మానాన్ని ముందే టైపు చేయించుకుని ఒక ఊరి సభకు వెళ్లాను. పది నిమిషాల పని అనుకున్నాను.

మిరప, మక్క వేసిన సమ్మక్క అనే రైతు లేచింది.

"సారూ, మమ్ముల అడుగుదామని అచ్చిండ్రా, సంతకాలు పెట్టిచ్చుకపోదామని అచ్చిండ్రా?"

తీర్మానం కాగితం మడిచి పక్కన పెట్టాను. "చెప్పమ్మా" అన్నాను.

"పొద్దూకంగ షూటర్ అస్తడంటాండ్రు. గప్పుడే మేం మిరప తోటల పని ఇడిచి మక్కల నడుమ నుంచి ఇంటికస్తాం. మసక చీకట్ల పందేదో మనిషేదో ఎట్ల తెలుస్తది? ఇంకోటి. మొన్న మా ఆవు కరెంటు తీగ తాకి సచ్చింది. దాని ఎన్కనే నేనున్న. నేనే ముందట నడిచుంటే?"

పందుల కోసం చేను చుట్టూ తీగ కట్టి కరెంటు ఇవ్వడం నేరం. ఆ ఊళ్లో తీగలున్నాయని నాకు అనుమానం ఉండేది. గట్టిగా వెతకలేదు.

అప్పుడు మల్లయ్య అనే కౌలు రైతు లేచాడు.

"తీగ నాదే వదినా. పంట పోతే నాకు దిక్కు లేదు. కేసు పెడితె పెట్టుండ్రి సారూ."

"నీ ఒక్కని మీద కేసు పెడితె మిగిలినోళ్లు దాసిపెట్టుకుంటరు," అంది సమ్మక్క. "ముందుగాల అందరియి తీయుండ్రి."

నేను జరిగింది జరిగినట్టు పైకి రాసి పంపాను. మల్లయ్యను హెచ్చరించి వదిలేశారు. సభ జరిగిన మధ్యాహ్నమే లైన్‌మన్‌తో, ఊరివాళ్లతో కలిసి చేను చేను తిరిగాం. నేను అనుకున్నదానికంటే చాలా తీగలు దొరికాయి. ఒకటి బడికి పోయే బాటకు బారెడు దూరంలో ఉంది.

పందులు ఎక్కువగా వాగు పక్క రెండు దారుల్లోనే దిగుతాయని కూలికి పోయే ఆడవాళ్లు చూపించారు. మా దగ్గరి మ్యాపులో ఆ దారులు లేవు. అక్కడ సోలార్ ఫెన్సింగ్ పెట్టించాం. అది తాకితే జంతువు ఉలిక్కిపడుతుంది గాని చావదు. మిగతా వైపుల వంతులవారీగా కావలి. షూటర్‌ను పిలవడం ఇది పని చేయకపోతేనే అని ఊరితో కలిసి అనుకున్నాం.

పందులు తగ్గాయి, ఆగలేదు. మల్లయ్య చేలో ఒక మూల పంట పోయింది. కోతల దాకా అతను నాతో మాట్లాడలేదు. కానీ ఆ పంటకాలంలో మనిషి ప్రాణం పోలేదు.

ఊరు ఒప్పుకుందని ఫైలులో రాయడం వేరు, ఊరితో కూర్చుని తేల్చుకోవడం వేరు అని ఆ రోజు తెలిసింది. అంతకుముందు వేరే ఊళ్లలో ఎవరినీ అడగకుండా నేను తేల్చేసిన పనులు గుర్తొస్తే ఇవాళ్టికీ మనసు కుదుట పడదు.