గేరు కడ్డీ మీద నేతగాడి వేళ్లు

ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే దారిలో ఆగిన ఆటోమేటిక్ కారును నేనే నడిపించానని నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్నాను. ఆ మధ్యాహ్నం అది మా బస్సుకు అడ్డంగా నిలిచింది. లోపల పూలముసుగుతో పెళ్లికొడుకు. ఆదోనిలో ఖాజీ ఎదురుచూస్తున్నాడు. తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. వందమందితో మైలు దూరం తోయించాను.

బస్సులోంచి ఒక ముసలి నేతగాడు దిగాడు.

"మగ్గం ఆగితే మగ్గాన్ని తోస్తారాప్పా? తెగిన పోగు యాడుందో చూడల్ల."

హారన్ నొక్కించాడు. మోగింది. "ఈ పోగు బాగుంది." లైటు వేయించాడు. వెలిగింది. "ఇదీ బాగుంది. ఈ కడ్డీ యాడుంటే బండి లేస్తాది?"

"పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే తాతా," అన్నాడు కారు డ్రైవరు.

"అయితే తాళం తిప్పి పట్టుకో."

గేరు కడ్డీని రెండు వేళ్లతో, నూలును తాకినట్టు మెల్లగా కదిపాడు. న్యూట్రల్‌కు వెంట్రుకవాసి పక్కన ఇంజను గుర్రుమంది. పెళ్లికొడుకు ముసుగు ఎత్తి మరీ చూశాడు.

"పోగు ఈడ సడలిందప్పా. ఊర్లో బిగించుకో," అని బస్సెక్కి, తన సీట్లో కూర్చున్నాడు.

వందమంది కాదు, ఆరుగురం. మైలు కాదు, పదడుగులు. ఆ వేళ్లూ నావి కావు, నావి తోసిన చేతులు. ఇప్పటికీ ఏదైనా ఆగితే అవి ముందు తోయడానికే లేస్తాయి. వెనక్కి తీసుకుంటాను.