అక్క సంవత్సరీకం, బావ ఎన్నిక

నల్లగొండ బస్టాండులో ఉదయం ఆరున్నరకు హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మా అక్క సత్తెమ్మ పోయి ఏడాదైంది. సంవత్సరీకం ఎల్‌బీ నగర్‌లో, బావ ఇంటి దగ్గర. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ముందురోజే పేపర్లో ఎక్కడెక్కడ బంద్ ఉందో చూసుకునేవాళ్లు. నేనూ చూశాను. ఆ రోజు బంద్ లేదు.

కిటికీ పక్కన చిట్యాలలో దిగవలసిన ఒకామె కూర్చుంది. చిట్యాల రాకముందే నా సంగతంతా కనుక్కుంది.

"చౌటుప్పల్ కాడ రోడ్డు మీద వంటలు చేస్తున్నరట సారూ. ఆపితే పరేషాన్ గాకు. తినిపో" అని చెప్పి దిగిపోయింది.

నిజంగానే చౌటుప్పల్‌లో బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, వచ్చినవాళ్లకు పెట్టడం అప్పటి నిరసన పద్ధతి. వంటా వార్పు అనేవారు. అన్నం, పప్పు, చింతకాయ తొక్కు. సంవత్సరీకం ఉందని చెప్పి నేను మజ్జిగతో సరిపెట్టుకున్నాను. మా డ్రైవరు మారు పప్పు వేయించుకుని, చెయ్యి కడుక్కుని, జై కొట్టాక బస్సు కదిలింది. ఆ దారిన వెళ్లేవాళ్లు టిఫిను కట్టుకెళ్లనక్కర్లేదు.

పెద్ద అంబర్‌పేట్ దాటుతుండగా బావ ఫోను చేశాడు.

"బామ్మర్దీ, ఎల్‌బీ నగర్ల దిగకు. సక్కగ దిల్‌సుఖ్‌నగర్ పో. ఆడ ఫ్లెక్సీ షాపుల మనది తయారున్నది, పట్కరా."

"సంవత్సరీకానికి ఫ్లెక్సీ ఏంది బావా?"

"అధ్యక్ష ఎన్నిక గూడ ఉన్నది గద! రేపే."

ఆ అధ్యక్ష పదవి వాళ్ల కాలనీ సంక్షేమ సంఘానిది. ఎల్‌బీ నగర్ చౌరస్తా వెనక నాలుగు వీధుల కాలనీ. సగం మా నల్లగొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లు, సగం కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. బావ లారీ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన మీద నిలబడింది సుబ్బారావు గారు, తెనాలి వైపు మనిషి, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. ఓటర్లకు భోజనాలు పెట్టకూడదని సంఘం నియమం. బావ ఆ నియమాన్ని శ్రద్ధగా చదివి, చావు భోజనం వద్దనే అధికారం ఎవరికీ లేదని గ్రహించాడు. పోయినవాళ్ల పేరున పిలిస్తే రానని అనడం కూడా ఎవరి తరమూ కాదు. అందుకని అక్క సంవత్సరీకాన్ని వీధిలో పెట్టి, వీధి మురుగు పారే మోరీ బాగుచేయాలన్న డిమాండు తగిలించి, దానికి వంటా వార్పు అని పేరు పెట్టాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రతి గోడ మీదా ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల మొహాలు, వాటి మీదికి కొంచెం ఎక్కేలా అతికించిన నాయకుల మొహాలు. మెట్ల కింద ఉన్న షాపులో ఫ్లెక్సీ విప్పి చూపించారు. అక్క మొహం నా అంత ఎత్తుంది. మెడలో నేనెన్నడూ చూడని బంగారు హారం.

"ఆంటీ మెడ బోసిగ ఉండె సార్. హారం మేమే ఏసినం, ఫ్రీ" అన్నాడు షాపాయన.

మొహం కింద పెద్ద అక్షరాలు. అమరురాలు సత్తెమ్మ ఆశయ సాధనకు కుక్కర్ గుర్తుకే మీ ఓటు. అక్క పోయింది షుగరు జబ్బుతో. నాకు తెలిసి ఆమె ఆఖరి ఆశయం చక్కెర వేసిన చాయ్.

షేర్ ఆటోలో కొత్తపేట మీదుగా వెనక్కి వచ్చాను. ఫ్లెక్సీ చుట్ట మొత్తం సీటుకు అడ్డంగా పడుకుంది. దారిపొడుగునా ఎక్కినవాళ్లందరూ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఈ ఒక్క రోజైనా అక్కది అక్కకు మిగలాలి, ఈ బొమ్మ కట్టనివ్వకూడదు అని గట్టిగా అనుకున్నాను.

వీధిలో షామియానా, మూడు పొయ్యిలు, డప్పులు, మైకు. అంతా జాతర.

"బావా, ఇది కట్టొద్దు."

"దీన్ని సింపతీ అంటరు. గంత సదువుకున్నవు, తెల్వదా?"

"తెలుసు గనుకనే వద్దంటున్న."

నా మాట పూర్తయ్యేలోపు ఆయన మనుషులు దాన్ని ప్రహరీ పక్కన రెండు స్తంభాలకు కట్టేశారు. ఎవరో "జోహార్ సత్తెమ్మా" అని అరిచారు.

పన్నెండున్నరకు అక్కకు ఇష్టమైన బొబ్బర గారెలు, మటన్ కూర, అన్నం విస్తరిలో పెట్టి ప్రహరీ మీద ఉంచారు. ముందు కాకి ముట్టాలి. అప్పటిదాకా ఎవరూ తినకూడదు. కోస్తావాళ్లకూ ఈ పట్టింపు ఉంది గనుక ఎవరికీ వివరించే పని లేకపోయింది. అందరం తలలెత్తి వరుసల్లో కూర్చున్నాం.

కాకులు వచ్చాయి. ఎదురుగా ఉన్న కరెంటు తీగ మీద వరుసగా కూర్చున్నాయి. గాలికి ఫ్లెక్సీ పటపటమంటోంది, డప్పులు మోగుతున్నాయి, ఒక్కటీ కిందికి దిగదు. ఒంటిగంట దాటింది. కూరల మూతలు తీస్తే వాసన, మూస్తే ఆకలి.

"సత్తెమ్మకు ఏదో కొదువున్నది. మాటియ్యుర్రి" అంది ఎదురింటి నర్సమ్మత్త. పోయినవాళ్ల మనసులో ఏదైనా తీరని కోరిక ఉంటే కాకి ముట్టదని, అది తీరుస్తామని మాటిస్తే ముడుతుందని నమ్మకం.

బావ మాటిచ్చాడు. కాకపోతే మైకులో ఇచ్చాడు.

"సత్తెమ్మా! మోరీ బాగుచేపిస్త!"

కాకి కదల్లేదు.

"అన్ని గల్లీలకు లైట్లు! నల్లా నీళ్లు రోజు ఇడిచి రోజు!"

వరుసలో కూర్చున్న సుబ్బారావు గారు అంతవరకు ఓపిక పట్టారు. ఇక లేచి చేతులు జోడించారు.

"సత్తెమ్మ గారూ, నేనైతే రోజూ ఇప్పిస్తానమ్మా!"

కోస్తావాళ్ల వైపు చప్పట్లు.

"పార్కు!" అన్నాడు బావ.

"అందులో బెంచీలండీ!" అన్నారు సుబ్బారావు గారు.

కాకులు అటొకసారి, ఇటొకసారి చూశాయి. ఇద్దరి మేనిఫెస్టోలూ నచ్చినట్టు లేదు.

నర్సమ్మత్త లేచింది. "చాలుగని ఆపుర్రి! ఆమె మీ బెంచీలు అడుగుతదా? ఉన్నన్నాళ్లు ఫొటో దిగుమంటే కొంగు అడ్డం పెట్టుకునేది. గసొంటి మనిషిని తీస్కపోయి కరెంటు కంబానికి కడితివి. సిగ్గు గాదా కొడుకా ఆమెకు?"

బావ తలెత్తి ఫ్లెక్సీ వైపు చూశాడు. పొద్దుట్నించీ ఆయన దాన్ని సరిగా చూసినట్టు లేదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"గా హారం యాడిది?"

"షాపోళ్లు వేసిన్రు బావా."

"నేనెన్నడు చేపియ్యలే" అన్నాడు.

మైకు కుర్చీలో పెట్టి, ఇంకో కుర్చీ ఎక్కి తాడు విప్పడం మొదలుపెట్టాడు. రెండో కొస సుబ్బారావు గారు వెళ్లి విప్పారు. అభ్యర్థులిద్దరూ కలిసి ఒక పని చేస్తుంటే చూడటానికి డప్పులవాళ్లు కూడా ఆగిపోయారు. బొమ్మను లోపలికి వచ్చేలా మడిచి, ఇద్దరూ దాన్ని ఇంట్లోకి మోసుకెళ్లి బయటికి వచ్చేసరికి ఒక కాకి ప్రహరీ మీదుంది. గారె ఒకటి తీసుకుని వెళ్లిపోయింది.

చప్పుడు ఆగింది, ఫ్లెక్సీ కొట్టుకోవడం ఆగింది, కాకి దిగింది. నాకు ఆ కారణం చాలు. నర్సమ్మత్త చెప్పిన కారణం వేరు. ఆకలి మీదున్న జనంతో నేను వాదించలేదు.

బావే వడ్డించాడు. అలవాటు లేని చెయ్యి, ఒకరికి అన్నం లేకుండా కూర, ఒకరికి కూర లేకుండా అన్నం. "సత్తెమ్మ గారైతే పచ్చిపులుసు ముందు అడిగేవారండీ" అన్నారు సుబ్బారావు గారు. ఆ వరుసలో ఇంకో ఆమె, జ్వరమొచ్చినప్పుడు అక్క తెచ్చిచ్చిన జావ సంగతి చెప్పింది. భోజనాలు అయ్యేదాకా ఎవరూ ఓటు మాట ఎత్తలేదు.

మర్నాడు ఉదయం పదకొండు దాకా పోలింగు, ఆ వెంటనే లెక్కింపు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. నేను పదకొండున్నరకు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నిలబడితే నల్లగొండ బస్సు నిండుగా వెళ్లిపోయింది. సూర్యాపేట బస్సులో కిటికీ సీటు దొరికింది. నార్కట్‌పల్లిలో దిగి ఇంకో బస్సు పట్టుకుంటే నల్లగొండ అరగంట. తొందర లేనివాళ్లకు ఈ దారే నయం.

ఈసారి చౌటుప్పల్‌లో రోడ్డు ఖాళీగా ఉంది. అక్కడ బావ ఫోను.

"ఓడిపోయిన."

"ఏమనుకోకు బావా."

"ఏమనుకోను. సుబ్బారావు ఇంటికొచ్చి చాయ్ తాగిపోయిండు. డప్పులోళ్లు పోయిన్రు, షామియానా పోయింది. ఇంట్ల ఎవ్వరు లేరు."

"అసలెందుకు నిలబడ్డవు బావా?"

"నిలబడ్డంక ఇల్లు నిండ మనుషులుండె గద."

తిన్నావా అని అడిగాను. నిన్నటి పచ్చిపులుసు ఉందన్నాడు. అక్క దాంట్లో ఉల్లిగడ్డ ఎప్పుడు వేసేదని అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను. అక్కడినుంచి మాట అక్క వంట మీదికి, ఆమె కోపం మీదికి, పెళ్లైన కొత్తల్లో మలక్‌పేటలో కిరాయికున్న గది మీదికి వెళ్లింది. ఆ రోజుల్లో నేను విన్న ఉపన్యాసాలన్నిటికంటే ఈ ఫోను పొడుగు. ఒక్క నినాదం లేదు.

నార్కట్‌పల్లి ఎప్పుడు దాటిందో చూసుకోలేదు. నకిరేకల్‌లో కండక్టరు వచ్చి "సారూ, నీ టికెట్ అయిపోయె" అంటే దిగి, రోడ్డు దాటి, వెనక్కి వెళ్లే బస్సు కోసం నిలబడ్డాను. బావ ఇంకా ఫోను పెట్టెయ్యలేదు.