నేను రంగు వేయని చెట్లు

మీసం మొలవకముందు నుంచీ నాకు రోజూ డైరీ రాసే అలవాటు. కూర మాడినా రాస్తాను, పాలవాడు రాకపోయినా రాస్తాను. అలాంటివాణ్ణి మా బావ వీడ్కోలు సభ రోజున మాత్రం "ఎండగా ఉంది" అని ఒక్క ముక్క రాసి మూసేశానంటే, ఆవేళ నేను వెలగబెట్టిన ఘనకార్యం ఎలాంటిదో మీరే ఊహించండి. ఊహించలేరు. చెబుతాను.

మా అక్క మొగుడు సన్యాసిరావు బావ గూడ్సు డ్రైవరు. నేను బిలాస్‌పూర్ యార్డులో గుమాస్తాను. కుర్రతనంలో సెలవు దొరికితే చాలు, ప్యాసింజరెక్కి పెండ్రా వైపు కొండల్లో ఒక చిన్న స్టేషన్లో దిగి, సాల్ చెట్ల మధ్య కాలిబాట పట్టి ఒక ఊట దగ్గరికి పోయేవాళ్లం. అక్కడి బండకు గిన్నెలాంటి గుంట ఉండేది. అందులో ఉప్పూ పచ్చిమిరపకాయలూ నూరి చద్దన్నంలో నంజుకునేవాళ్లం. ఆ ఊటనీళ్లు తాగితే మిరపకాయ మంట కూడా దణ్ణం పెట్టి దిగిపోయేది. దారి తప్పకుండా షెడ్డులో అడిగి తెచ్చిన తెల్లరంగుతో చెట్లకు పట్టీలు వేశాను. పద్ధతి గల మనిషిని కదా!

తరవాత పిల్లలు, ప్రమోషన్లు. ఆ బాట మరిచిపోయాం. రిటైరై విజయనగరం వెళ్లిపోయే ముందు బావ అన్నాడు: "ఒరే, ఆ ఊటనీళ్లు ఒక్కసారి తాగాలనుందిరా. మళ్లీ ఎప్పుడొస్తానో ఏటో."

సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో సభ. మధ్యాహ్నం బండికి తెచ్చి అప్పజెబుతానని అక్కకు మాటిచ్చి పొద్దున్నే బావను బయల్దేరదీశాను.

వెళ్లి చూస్తే అడవిని కలప కూపుకిచ్చి నరికిస్తున్నారు. సగం చెట్లు, సగం మొద్దులు, మధ్యలో కొత్త లారీ రోడ్డు. బాట ఆనవాలే లేదు. ఆ రోడ్డు మీదే కొంతదూరం నడిచాక, మలుపులో బావ ఒక బండ మీద కూర్చుని బూటు తాడు బిగించుకుంటుండగా, దూరంగా ఒక చెట్టుకు తెల్లపట్టీ కనిపించింది.

"చూశావా బావా? ఇన్నేళ్లయినా చెక్కు చెదరలేదు!"

"అచ్ఛా! నువ్వేసిందేనా?"

"నా చెయ్యి నాకు తెలీదా?"

రోడ్డు వదిలి పట్టీ వెంట పట్టీ పట్టుకుని గార్డు లేని గూడ్సులా పోయాం. కాసేపటికి ఎటు చూసినా పట్టీలే. శివరాత్రికి విభూతి పెట్టుకున్న భక్తుల గుంపులా ఉంది అడవి.

"ఏరా, ఇన్ని సెట్లకీ నువ్వే రంగేసినావా?"

"మరి!"

"అయితే డ్యూటీ ఎప్పుడు సేసినావురా?"

నేను జవాబు వెతుక్కునేలోగా ఖాకీ చొక్కాలో ఫారెస్టు గార్డు ఊడిపడ్డాడు. ఈ గుర్తులు ఎవరి పనో తెలుసా అని హిందీలో అడిగాడు. "అన్నీ నేను వేసినవే," అన్నాను రొమ్ము విరుచుకుని.

ఆయన ముఖం వెలిగిపోయింది. శాలువా కప్పుతాడేమో అనుకున్నాను.

"నీకోసమే వెతుకుతున్నా! నరకాల్సిన చెట్లకు మేం గుర్తు పెడుతుంటే, ఎవడో దొంగ పక్క చెట్లకు కూడా పెట్టి దుంగలు లేపేస్తున్నాడు. పద ఆఫీసుకి!"

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నవాళ్లున్నారు. చెట్టు పేరు చెప్పి సంకెళ్లు కొనుక్కోబోయినవాణ్ణి నేనొక్కణ్ణే.

బావ వాచీ చూసుకున్నాడు. "సాబ్, ఈడి మాట నమ్మకండి. ఈడు ఇంటి తలుపుకే రంగెయ్యలేదు, కావాలంటే ఈడి పెళ్లాన్నడగండి. ఒరే, ఒక్క సెట్టూ నాది కాదని సెప్పరా! అక్కడ దండలు వాడిపోతన్నాయి!"

"మరి ఆ మొదటి చెట్టు…"

"మొదటిదీ కాదు!"

చెప్పాను. అంత అడవినీ ఒక్క మాటతో వదులుకున్నాను. గార్డు పొట్ట పట్టుకుని నవ్వి, మమ్మల్ని మళ్లీ అదే మలుపు దాకా తెచ్చి వదిలాడు. మా బండి అప్పటికే వెళ్లిపోయింది. దుంగల లారీ వస్తే ఎక్కిస్తానన్నాడు. బావ ఉసూరుమని పొద్దున్న కూర్చున్న బండ మీదే కూలబడి, పక్కన చెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి మళ్లీ తియ్యలేదు.

"ఒరే. ఇదేటిరా?"

చేతి కింద గుంట. గిన్నెలాంటిది, నిండా లారీల దుమ్ము. బండ అడుగున చక్రాల గాడిలో సన్నగా నీళ్లు. మా బాట మీదే లారీ రోడ్డు వేశారు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాడు నాకంటే నయం. నేను బావను ఊట మీద నుంచి లేవదీసి మరీ ఊట వెతకడానికి తీసుకెళ్లాను!

బావ వంగి దోసిట్లో ఆ మట్టినీళ్లు తేర్చుకుని తాగాడు. మూతి తుడుచుకుని, "పచ్చిమిరపకాయ తేవలసిందిరా," అన్నాడు.

దుంగల మీద ఊరేగి, సభకు ఆలస్యంగా చేరాం. మాట్లాడమంటే బావ తను నడిపిన బళ్ల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఈ కథే చెప్పాడు. ఇప్పటికీ విజయనగరం నుంచి ఫోన్ చేస్తే మొదటిమాట, "ఏరా, ఇయ్యాల ఎన్ని సెట్లకి రంగేసినావు?"

అందుకే సూర్యచంద్రుల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఏ చెట్టునూ నాదని చెప్పుకోను. మొన్న మేముండే పేట కుదుదండ్‌లో మా పెరట్లోని కరివేపాకు చెట్టును పక్కింటాయన మెచ్చుకుని, ఎవరు నాటారని అడిగాడు. నేనే నాటాను. అటూ ఇటూ చూసి, "నాకేం తెలీదండీ," అన్నాను.